మూడు చుక్కల ముద్ర

నాకు మా తమ్ముడి భార్య ప్రసన్న అంటే అసూయ. ఈ మాట ముందే చెప్పేస్తే, మిగతాది వినేటప్పుడు నన్ను మంచివాడనుకునే ఇబ్బంది మీకుండదు. ఆమె ఆకురాయి పట్టుకుని కూర్చుంటే చాలు, కొలిమి ముందు నిలబడినదానికంటే ఎక్కువ వేడి నా కడుపులో పుట్టేది. ఆమె పని బాగా చేస్తే ఏడుపు. ఎప్పుడు చెడగొడుతుందా అని ఎదురుచూపు. ఆమె చెడగొట్టేది కాదు. అదింకో ఏడుపు.

మాది మార్కాపురం. తర్లుపాడు రోడ్డులో కమ్మరి కొలిమి, మా ముత్తాత పెట్టింది. పలకల గనులు జోరుగా నడిచిన రోజుల్లో రాయిని పొరలుగా చీల్చే ఉలులు మా దగ్గరే తయారయ్యేవి. పిల్లలు పలకల మీద రాయడం తగ్గాక ఆ పని పలచబడింది. గొడ్డళ్ళు, కొడవళ్ళు, శని పట్టినవాళ్ళకు నల్ల గుర్రపు నాడాతో ఉంగరాలు, పసిపిల్లలకు దిష్టి తగలకుండా ఇనుప కడియాలు మిగిలాయి. ఇవాళ మా కొలిమి పేరు హైదరాబాదు, బెంగుళూరు దాకా పోయిందంటే కారణం అవేవీ కావు, గీతల ఉక్కుతో చేసే ఉంగరాలు. వాటికి కారణం ప్రసన్న. చూశారా, రెండు మాటలు మాట్లాడేలోపే మళ్ళీ ఆమె పేరు చెప్పక తప్పలేదు.

గీతల ఉక్కు అంటే పెద్ద రహస్యమేమీ లేదు. లారీ కమాను పట్టీ ముక్కలూ రంపం బ్లేడు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో అతుక్కోవడానికి వెలిగారం చల్లి, తెల్లగా కాల్చి సమ్మెటతో కొడితే అన్నీ ఒకే ముద్దవుతాయి. దాన్ని సాగదీసి, మడిచి, మళ్ళీ కాల్చి కొడతాం. పది పొరలు ఇరవై అవుతాయి, ఇరవై నలభై అవుతాయి. గొడ్డలి అంచు విరగకుండా ఉండాలని నేను పదహారో ఏటి నుంచి ఈ పని చేస్తున్నాను. కొట్టి, నున్నగా సానబట్టి ఇచ్చేసేవాణ్ణి. ఆరేళ్ళ కిందట ప్రసన్న గిద్దలూరు నుంచి కాపురానికి వచ్చింది. కంసాలి కూతురు. వచ్చిన ఆరో నెలలో, నేను పనికిరాదని పక్కన పడేసిన గొడ్డలి ముక్కను తీసుకుని, అద్దంలా సానబట్టి, వాళ్ళ నాయన దుకాణం నుంచి తెచ్చుకున్న ఆసిడ్‌లో ముంచింది. నిమిషంలో ఆ ముక్క మీద నల్లవీ తెల్లవీ గీతలు లేచాయి, వాగు తగ్గాక ఇసుక మీద మిగిలే చారల్లా. ఇన్నేళ్ళుగా అవి నా చేతుల్లోనే ఉన్నాయి. నాకు కనపడలేదు. మొన్న వచ్చిన పిల్లకు కనపడ్డాయి.

మా నాయన సుబ్బాచారి ఆ ముక్కను వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత "ఊఁ" అన్నాడు.

మా నాయన "ఊఁ" అంటే ఏమిటో మీకు తెలియాలి. ఆయన ఎవర్నీ మెచ్చుకోడు. పని బాగాలేకపోతే దాన్ని, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీంచి కింద పడేస్తాడు. బాగుంటే ఏమీ అనకుండా పక్కన పెడతాడు. మరీ బాగుంటే "ఊఁ" అంటాడు. ఆయన కింద ముప్పై ఏళ్ళు సమ్మెట కొట్టిన నాకు ఆ ఊఁ ఒక్కసారి కూడా దక్కలేదు. ఆసిడ్‌లో ముంచిన ముక్కకు దక్కింది. ఆ ముక్కను కొట్టింది నేనేనని అందామనుకున్నాను గానీ, అడుక్కున్నట్టుంటుందని ఊరుకున్నాను.

ఇక ముద్ర సంగతి. చిటికెన వేలంత ఉక్కు కడ్డీ అది. దాని కొసన మూడు చుక్కలు చెక్కి ఉంటాయి. కొలిమిలో తయారైన ప్రతి వస్తువు మీదా ఆ ముద్ర పడితేనే గడప దాటుతుంది. అర్ధవీడు వైపు ఊళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ కొడవలి తిరగేసి మూడు చుక్కలున్నాయా అని చూసి తీసుకుంటారు. ముత్తాత తర్వాత తాత, తాత తర్వాత మా నాయన దాన్ని మొలకు కట్టుకుని తిరిగారు. నాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి, చెయ్యి వణుకుతోంది. వచ్చే దసరాకు ఆయుధపూజ నాడు ముద్ర అప్పగిస్తానన్నాడు. పెద్దకొడుకును నేను. మా తమ్ముడు ప్రవీణ్ కుమార్ బస్సు డిపోలో మెకానిక్, కొలిమి మొహం చూడడు. ఇంక ఎవరికిస్తాడు? అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఉగాది వెళ్ళిన వారానికి, ఒక పొద్దున నాయన కాఫీ తాగుతూ, సంతలో మేకను కొందామా అన్నంత మామూలుగా అడిగాడు.

"ముద్ర ప్రసన్న చేతికిస్తే ఎట్లుంటదిరా ఓబులేసూ?"

నా అసలు పేరు ఓబులాచారి, ఇంట్లో ఓబులేసు. నీ ఇష్టం నాయనా అన్నాను. ఆ రోజు దాగలి మీద పెట్టిన కొడవలిని రొట్టె అయ్యేదాకా కొట్టాను. ఎవరో రైతు వచ్చి నా కొడవలి ఏదంటే ఆ రొట్టె చూపించాల్సి వచ్చింది.

ఇంత మంట ఉన్నా ప్రసన్నతో నేనెప్పుడూ గొడవ పడలేదు. గొడవ పడాలంటే ముందు మాట్లాడాలి కదా. మా ఇళ్ళల్లో బావగారూ తమ్ముడి భార్యా నేరుగా మాట్లాడుకోరు. ఆమె నా ఎదురుగా కూర్చోదు, నేను ఆమెను పేరు పెట్టి పిలవను. ఆరేళ్ళు ఒకే కొలిమిలో పక్కపక్కన పని చేశాం, ఒక్క మాట సూటిగా అనుకోలేదు. నాకు సన్న ఆకురాయి కావాలంటే గోడను అడిగేవాణ్ణి. గోడ తరఫున ఆమె అందించేది. అవసరమైన మాటలు నా భార్య సుజాత అటూ ఇటూ మోసేది. మర్యాద అంటారు దాన్ని. ఎంత మంచి చాటో నాకు తర్వాత తెలిసింది.

కొలిమికీ ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏ ఇనుము ఇంట్లోకి వచ్చినా ముందు నిప్పుకు చూపించాలి. ఎర్రగా కాలేదాకా ఉంచి, కాళికాంబను తలుచుకుని, తీసి బూడిదలో చల్లార్చాలి. ఆ తర్వాతే రంపమైనా ఆకురాయైనా దాని మీద పెట్టాలి. గ్రైండర్ కొన్నప్పుడు మొత్తం నిప్పులో పెట్టలేక దాని బోల్టు ఒకటి ఊడదీసి చూపించాం. సుజాత దోసెల పెనం కొనుక్కొస్తే దాన్నీ చూపించాడు నాయన. అది వంకరపోయి ఇప్పటికీ దోసె ఒక పక్కే కాలుతుంది.

జూన్‌లో ప్రసన్న తన అన్న భార్య శ్రీమంతానికని గిద్దలూరు వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం, నాయన అన్నానికి ఇంట్లోకి పోయిన సమయంలో, కృపారాణి టీచరమ్మ ఆటో దిగింది. తర్లుపాడు బళ్ళో సైన్సు చెప్పే ఆవిడ. నెలాఖరుకు రిటైరవుతోంది. చేతి సంచీలోంచి జామెట్రీ బాక్సు తీసి, అందులోంచి చేతిరుమాల్లో చుట్టిన ఇనుప ముక్కను నా చేతిలో పెట్టింది. వేలంత పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. బరువు చూసి ఉలిక్కిపడ్డాను.

అది ఆకాశం నుంచి పడిన ఇనుమట. ఆవిడ తమ్ముడు హరిబాబు ఓడలో పనిచేస్తాడు, ఇరవై రెండేళ్ళ కిందట ఏదో రేవులో కాగితంతో సహా కొని తెచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ పిల్లలకు నక్షత్రాల పాఠం చెప్పే రోజున దీన్ని బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి, దీని లోపల అడ్డదిడ్డంగా అందమైన గీతలుంటాయి అని చెప్పిందట. ఎలా ఉంటాయి టీచర్ అని పిల్లలు అడిగితే నల్లబల్ల మీద గీసి చూపించేదట. నిజం గీతలు మాత్రం ఆవిడా ఎప్పుడూ చూడలేదు. కోస్తేనే కదా కనపడేది. ఇప్పుడు కోయించి ఉంగరం చేయించుకుందామని వచ్చింది. వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. మెడ, చేతులు బోసిగానే ఉన్నాయి. పాస్టరుగారిని అడిగితే, బంగారం కాదు వెండి కాదు, రాయిలాంటిదే కదమ్మా అని నవ్వాడని చెప్పింది.

"ప్రసన్న చేతనే చేయించు ఆచారీ. ఆ పిల్ల చేసిన ఉంగరాలు ఫోన్‌లో చూసినా" అంది. ఆవిడ ఇంకా చెబుతోంది. "ఇంకో మాట. ఇది వేల ఏండ్లకు ఒక డిగ్రీ చొప్పున చల్లారిన ఇనుము. అంత నిదానంగా చల్లారితేనే ఆ గీతలు పడినాయి. మనం నిప్పులో పెట్టి ఎర్రగా కాలిస్తే చెదిరిపోతాయి. మళ్ళీ ఎవురి తరమూ కాదు. రంపంతో చల్లగానే కొయ్యాల. మర్చిపోకుండా ప్రసన్నకు చెప్పు."

చెప్తాలే టీచరమ్మా అన్నాను. ఆ క్షణంలో చెబుదామనే అనుకున్నాను. కాదు, అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడే చెప్పనని నాకు తెలుసు.

అన్నం తిని వచ్చిన నాయనకు ముక్క చూపించి, ఎక్కడిదో చెప్పాను. నిప్పు సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆయన దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మన కొలిమికి ఇట్లాంటి ఇనుము మా తాత కాలంలో కూడా రాలేదురా అన్నాడు. ప్రసన్న ఈ ఉంగరం పూర్తి చేసిన రోజు దాని మీద ఆమె చేతనే ముద్ర వేయిస్తాననీ, ఇంక దసరా దాకా ఆగడం ఎందుకనీ అన్నాడు. అంటే ముద్ర పోయింది. నా కళ్ళ ముందే, వేలెడంత ఇనుప ముక్క వెంట పోయింది.

రెండు రోజులకు ప్రసన్న తిరిగి వచ్చింది. ముక్కను చూసి ముందు ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి ముట్టుకుంది. తిప్పి తిప్పి చూసి, గోరుతో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. దాగలి పక్కన కొబ్బరికాయ పెట్టి నాయన రమ్మంటున్నాడు. ఆమె కదల్లేదు. గుమ్మంలో ఉన్న సుజాత వైపు తిరిగి, నాకు వినపడేలాగే అంది:

"అక్కా, ఇది మన ఇనుము మాదిరి లేదు. దీన్ని కాల్చొచ్చా లేదా, టీచరమ్మ ఏమన్నా చెప్పిందేమో బావగారిని అడుగు."

సుజాత నా వైపు చూసింది. ఇప్పటిదాకా నేను చెప్పకుండా ఉన్నానంతే. అడక్కపోతే అది మరుపు కింద పోయేది. ఇప్పుడు అడిగింది.

"ఏం చెప్పలేదని చెప్పు" అన్నాను సుజాతతో.

ప్రసన్న తలూపింది. పెద్దవాడి మాట కదా, మళ్ళీ అడగలేదు. కొబ్బరికాయ కొట్టి, నాయన ముక్కను ఒక కొసన పట్టకారుతో పట్టుకుని నిప్పుల్లో పెట్టాడు. ఓబులేసూ గాలి పెట్టు అన్నాడు. బ్లోయర్ స్విచ్ వేసింది నేనే. బొగ్గులు రేగాయి. ముక్క ముందు నీలంగా తిరిగింది, తర్వాత ముదురు ఎరుపు, తర్వాత పండు మిరపకాయ రంగు. నాయన చెయ్యి వణుకుతుంటే పట్టకారును ప్రసన్న అందుకుంది. ఎర్రదనం కొస నుంచి మధ్యకు, మధ్య నుంచి ఇంకొంచెం ఇవతలికి పాకడం నేను రెప్ప వెయ్యకుండా చూశాను. ఆపండి అంటే సరిపోయేది. ఒక్క మాట. సంతోషంగా ఉండింది నాకు. ఆరేళ్ళలో మొదటిసారి ఆమె చేతుల్లో ఒక పని చెడిపోతోంది.

నాలుగు రోజులు ఆమె ఆ ముక్క మీద పని చేసింది. కాలిన కొస వైపు నుంచి వెడల్పుగా ఒక పలక కోసింది. సన్న గరుకు నీళ్ళకాగితంతో రుద్ది రుద్ది అద్దం చేసింది. ఆసిడ్‌లో ముంచింది. తీసి కడిగి వెలుతురులో పట్టుకుంది. ఏమీ లేదు. తడిగుడ్డతో తుడిచిన పలకలా బూడిదరంగు మరక, అక్కడక్కడా ఏదో ఉండి పోయిన జాడ. మళ్ళీ రుద్దింది, మళ్ళీ ముంచింది. మూడోసారి కూడా అంతే. తర్వాత ఫోన్ తీసుకుని చాలాసేపు ఏదో చదివింది. చదివి, తలెత్తి, సూటిగా నా మొహంలోకి చూసింది. ఆరేళ్ళలో ఆమె నన్నట్లా చూడలేదు. నేను చేతిలో ఉన్న ఆకురాయిని మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ వచ్చింది, తెల్లచీరలో, చేతిలో బైబిలుతో. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రసన్న పలకను చేతిరుమాలు మీద పెట్టి ఇచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుని, ముక్కను అటూ ఇటూ తిప్పింది. ఇంకో వైపున్నాయేమోనని తిప్పింది. ఏవమ్మా గీతలు అంది. ఆవిడకు అర్థమైంది. ఇరవై రెండేండ్లు పిల్లలకు ఉన్నాయనే చెప్తా వచ్చినా అని ముక్కతోనే అన్నట్టు మెల్లగా అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆచారీ, నిప్పులో పెట్టొద్దని చెప్పమన్నా గదా."

నాయన తల నా వైపు తిరిగింది. సుజాత మొహం నాకు కనపడుతోంది. ఏం చెప్పలేదని చెప్పు అన్న మాట మోసింది ఆమే. అప్పుడు ప్రసన్న గొంతు వినపడింది, ఎప్పుడూ ఉండేంత నెమ్మదిగా.

"చెప్పినారు టీచరమ్మా. బావగారు అక్కతో చెప్పి పంపినారు. నేనే పరధ్యానంలో మరిచిపోయినా. తప్పు నాదే."

టీచరమ్మ పోనీలేమ్మా అంది. కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళద్దాలు మళ్ళీ తీయాల్సి వచ్చింది. ముక్కను అక్కడే వదిలి ఆటో ఎక్కింది. నాయన మంచం మీంచి లేచాడు. మొల దగ్గర ముడి విప్పాడు. ముద్రను తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"చెప్పిన మాట మర్చిపోయే చేతికి ఇది ఇయ్యలేను. నువ్వే ఉంచుకో" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి "ఊఁ" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన రెండూ ఒకే నిమిషంలో దొరికాయి. ముద్ర వెచ్చగా ఉంది, నాయన ఒంటి వేడి. ఎంత చెడ్డవాడికైనా ఒక్క పూట సంతోషం ఉండాలి కదా, నాకు అది కూడా లేదు. నా తప్పును కూడా ఆమే చేసేసింది. అది కూడా నాకంటే బాగా చేసింది. నేను ఒక్క మాట చెప్పలేక నిలబడిన చోట ఆమె నిబ్బరంగా అబద్ధమాడి నిలబడింది. ఇంక దేనికి ఏడవాలో కూడా తెలియలేదు.

ఆమె పెరట్లో కుళాయి దగ్గర ఆసిడ్ గిన్నె కడుగుతోంది. నేను వెళ్ళి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. గోడతో మాట్లాడలేదు. సుజాతను పిలవలేదు.

"ఎందుకట్ల చెప్పినావు ప్రసన్నా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. కొంగు సర్దుకుంది గానీ తల దించలేదు.

"మీకు ముద్ర కావాల. నాకు ఆ గీతలు చూడాలనుండె, బావగారూ. నాది ఎట్లనూ పోయింది. మీదన్నా మీకు దక్కనీ అని" అంది. కోపంగా అన్నా బాగుండేది. కుళాయి కట్టేసి ఇంట్లోకి పోయింది.

నాయన అప్పటికి నడుం వాల్చాడు. నేను మంచం పక్కన కింద కూర్చుని అంతా చెప్పాను. టీచరమ్మ చెప్పిందీ, ప్రసన్న అడిగిందీ, నేను సుజాతతో అన్నదీ. ముద్రను ఆయన పక్కన పెట్టాను. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"అది కాలుతుంటే చూస్తా నిలబడినావా?"

నిలబడినా నాయనా అన్నాను. గాలి పెట్టింది కూడా నేనే అని ఆయనకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు.

ఆయన లేచాడు. ముద్ర తీసుకుని, గోడ పట్టుకుని నడుస్తూ కొలిమి దగ్గరికి వచ్చాడు. బొగ్గులు పేర్చాడు. గాలి పెట్టు అన్నాడు. పెట్టాను. మూడు తరాలు మొలకు కట్టుకుని తిరిగిన ముద్రను నిప్పుల మధ్యన పెట్టాడు. అది ఎర్రబడేదాకా ఇద్దరం నిలబడ్డాం. అలికిడికి ప్రసన్న గుమ్మంలోకి వచ్చి మామా వద్దు అంది. ఆయన వినలేదు. ముద్రను తీసి నీళ్ళలో ముంచకుండా బూడిదలో కప్పెట్టాడు. పదును పెట్టిన ఉక్కును కాల్చి అట్లా నిదానంగా చల్లారనిస్తే మెత్తబడిపోతుంది. ఆ తర్వాత దానితో కొడితే ఇనుము మీద చుక్క పడదు, చుక్కే చితికిపోతుంది. కమ్మరి పిల్లలెవరికైనా ఇది తెలుసు.

"దీనికి మళ్ళీ పదును పెట్టొచ్చు" అన్నాడు నాయన. "పది నిమిషాల పని. దానికి పెట్టగలవా?"

దానికి అంటూ బల్ల మీదున్న టీచరమ్మ ముక్కను చూపించి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. నిప్పు దాని మీద ఎంత దూరం పాకిందో ఇంట్లో ఎవరికంటే నాకు బాగా తెలుసు. ఎవరూ చూడనంత శ్రద్ధగా చూశాను కదా. ఎర్రదనం ముక్క పొడుగంతా రాలేదు. నాయన పట్టకారు పట్టిన కొస బొగ్గుల బయటే ఉండింది, చివరిదాకా నల్లగానే ఉండింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, ప్రసన్నా, పట్టకారు పట్టిన కొస ఎర్రగా కాలేదు, ఆ వైపు కోసి చూడు అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మమని అడిగే మొహం నాకూ లేదు. అయినా వచ్చి రంపం అందుకుంది. బిగించడానికి నేను పట్టుకున్నాను. వేడెక్కకుండా నీళ్ళు పోస్తూ, గంటన్నర ఇద్దరం కోశాం.

ఆసిడ్‌లో ముంచేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ మొదటి గొడ్డలి ముక్క తర్వాత ఒక్కసారి కూడా గీతలు లేవడం నేను దగ్గరుండి చూడలేదు. చూస్తే ఒప్పుకున్నట్టవుతుందని. ఆ రోజు చూశాను. ఎక్కువ లేవు, కందిగింజంత వెడల్పున్న చోట మాత్రం మిగిలాయి. ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నని పట్టీలు, తడిక అల్లినట్టు. మా గీతల ఉక్కు మీద గీతలు వంకరగా, నీళ్ళలా పోతాయి. ఇవి స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. ప్రసన్న నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అంత చిన్న ముక్కతో ఉంగరం రాదు. నేను అరవై పొరల ఉక్కు కొట్టి, మెలిదిప్పి, పట్టీ లాగి ఇచ్చాను. ఎన్ని మెలికలో ఆమే చెప్పింది, నేరుగా, నాతోనే. ఆమె ఉంగరం చుట్టి, మధ్యలో గాడి తీసి, ఆ సన్నముక్కను నిప్పు తగలకుండా గాడిలో కూర్చి బిగించింది. రిటైర్మెంటు రోజుకు ముందు రోజు ఇద్దరం తర్లుపాడు బడికి వెళ్ళాం. పిల్లలంతా వెళ్ళేదాకా ఆగి, నిప్పు సంగతి ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ ఉంగరాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. నల్లబల్ల మీద నేను గీసేది తప్పు, ఇంకా సన్నగా గీయాల్సింది అంది. తర్వాత నా చేతికి ఒకసారి, ప్రసన్న చేతికి ఒకసారి ఇచ్చి, చూడమని తీసుకుని, వేలికి పెట్టుకుంది. పిల్లలకిచ్చినట్టే ఇచ్చింది.

మా కొలిమి నుంచి మూడు చుక్కలు లేకుండా గడప దాటిన మొదటి వస్తువు అదే. ఆ ఉంగరం ఫొటో ఎవరో పెడితే దేశం నలుమూలల నుంచి ప్రసన్నను అడుగుతున్నారు, ఎలా కూర్చావమ్మా అని. నాకు మళ్ళీ కడుపు మండింది. మండుతున్నదని ఆమెతోనే చెప్పాను. నవ్వి, సన్న ఆకురాయి ఇటివ్వండి బావగారూ అంది.

నాయన నాతో ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాడు, ఊఁ మాత్రం మళ్ళీ అనలేదు. మెత్తబడిన ముద్ర కొలిమి పక్క గూట్లో ఉంది. అప్పటి నుంచి మా వస్తువులన్నీ ముద్ర లేకుండానే పోతున్నాయి. అర్ధవీడు రైతులు కొడవలి తిరగేసి చూసి, చుక్కలేవి ఆచారీ అని అడుగుతుంటే నేలచూపులు చూస్తున్నాను. పదును పెట్టడం పది నిమిషాల పని, నాకు కళ్ళు మూసుకుని వచ్చు. పెట్టమని ప్రసన్న ఇంకా అనలేదు.